గురుడి చుట్టూ తిరిగే ఐయో ఎవరు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో గురుగ్రహం చందమామల గురించి నాలుగు ముక్కలు రాశామో లేదో, ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ వచ్చి పడ్డాయి. ఎక్కువమంది అడిగింది ఐయో గురించే. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే వదిలేస్తున్నాం. మిగతా ప్రశ్నలు పంపినవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

మా అమ్మాయికి గురుగ్రహం చందమామల మీద స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. నెట్‌లో ‘ఐయో’ అని కొడితే సగం చోట్ల పసుపుపచ్చ గోళం, మిగతా సగం చోట్ల ఆవుగా మారిన గ్రీకు అమ్మాయి బొమ్మలు వస్తున్నాయి. ఆవుకూ చందమామకూ ఏమిటి సంబంధం? ప్రాజెక్టులో ఏం రాయమంటారు?
– ఓ తల్లి, తెనాలి

సంబంధం ఉందమ్మా. చందమామకు ఆ అమ్మాయి పేరే పెట్టారు. ముందు కథ చెప్తాను, పిల్లకు అందులో ఎంత చెప్పాలో మీరే చూసుకోండి, ఎందుకంటే ఇది అంత ముచ్చటైన కథేం కాదు.

గ్రీసులో ఆర్గోస్ అనే చోట ఇనాకస్ అనే నది ఉంది. ఆ నదికి అధిదేవత పేరూ ఇనాకస్సే. ఆయన కూతురు ఐయో, హెరా దేవి గుడిలో పూజారిణి. హెరా ఎవరంటే దేవతల రాజు జియస్ భార్య. రోమన్లు ఈ దంపతులనే జూపిటర్, జూనో అన్నారు, మనం గురుడు అనే గ్రహాన్ని ఇంగ్లీషువాళ్లు పిలిచేది ఈ జూపిటర్ పేరుతోనే. సొంత భార్య గుడిలో పూజ చేసుకునే పిల్ల మీద జియస్ కన్ను పడింది. ఆమె వద్దని పారిపోతుంటే చుట్టూ చీకటి మబ్బు కమ్మించి, ఆపి, బలాత్కరించాడని రోమన్ కవి ఓవిడ్ రాశాడు. చాలా చోట్ల ఈమెను ‘జియస్ ప్రేయసి’ అని రాసేస్తుంటారు. పారిపోతున్నదాన్ని పట్టుకుంటే ప్రేయసి ఎలా అవుతుంది? ప్రాజెక్టులో ఇంకేం రాసినా ఆ మాట మాత్రం రాయించకండి.

పట్టపగలు ఎండ కాస్తుంటే ఆ ఒక్కచోటే మబ్బేమిటని హెరాకు అనుమానం వచ్చింది. మొగుడి సంగతి బాగా తెలిసిన మనిషి కదా, దిగొచ్చి మబ్బును తప్పించి చూస్తే జియస్ పక్కన తెల్లటి పెయ్య ఒకటి నిలబడి ఉంది. దొరికిపోతానని అప్పటికే ఐయోను పెయ్యగా మార్చేశాడు. హెరా ఏమీ తెలియనట్టు ‘భలే ఉందే, నాకిచ్చెయ్’ అంది. ఇవ్వనంటే అనుమానం గట్టిపడుతుంది, ఇస్తే ఆ పిల్ల గతి ఏమిటి? ఇచ్చేశాడు. హెరా ఆ పెయ్యకు ఆర్గస్‌ను కాపలా పెట్టింది. ఓవిడ్ లెక్కలో ఆర్గస్‌కు వంద కళ్లు, రెండేసి చొప్పున వంతులవారీగా నిద్రపోతాయి, మిగతావన్నీ మేలుకునే ఉంటాయి.

కథ మొత్తంలో నన్ను వదలని చోటు ఇక్కడుంది. పెయ్య మేస్తూ మేస్తూ తండ్రి నది ఒడ్డుకే వస్తుంది. నీళ్లలో తన కొమ్ములు చూసి తనే బెదిరిపోతుంది. తండ్రీ అక్కచెల్లెళ్లూ ఎవరిదో పెయ్య, ముద్దుగా ఉందని నిమురుతారు. ఇనాకస్ గడ్డి పీకి నోటికి అందిస్తే ఆమె ఆయన చెయ్యి నాకుతుంది. కళ్లమ్మట నీళ్లు కారిపోతుంటాయి, మాట్లాడబోతే అరుపు తప్ప ఏమీ రాదు. ఇక చేసేది లేక కాలి గిట్టతో మట్టిలో తనెవరో రాస్తుంది. రోమన్ లిపిలో ఆమె పేరు రెండే అక్షరాలు, ఒక నిలువు గీత, ఒక సున్నా. తండ్రికి అర్థమై మెడ వాటేసుకుని ఏడుస్తుండగానే ఆర్గస్ వచ్చి ఆమెను అదిలించి వేరే బీడుకు తోలుకుపోతాడు.

ఆ తర్వాత జియస్ పంపితే దేవతల వార్తాహరుడు హెర్మిస్ వస్తాడు, పిల్లనగ్రోవి ఊది కథలు చెప్పి ఆర్గస్ కళ్లన్నీ మూతపడేలా చేసి తల నరుకుతాడు. ఐయోకు మాత్రం విడుదల లేదు. హెరా జోరీగను ఉసిగొల్పుతుంది, అది కుడుతుంటే తట్టుకోలేక దేశాలు పట్టి పరుగెత్తుతుంది. గ్రీసుకు పడమట ఉన్న అయోనియన్ సముద్రానికి ఆ పేరు ఈమె వల్లే వచ్చిందనీ, ఇస్తాంబుల్ దగ్గరి బాస్ఫరస్ జలసంధి ఈమె దాటిన రేవేననీ గ్రీకులు చెప్పుకున్నారు. చివరికి ఈజిప్టు చేరి, నైలు నది దగ్గర మళ్లీ మనిషై, ఎపాఫస్ అనే కొడుకును కంటుంది.

ఇక చందమామ సంగతి. 1610 జనవరి 7 రాత్రి ఇటలీలోని పాడువాలో గెలీలియో తన టెలిస్కోపును గురుడి వైపు తిప్పాడు. పక్కన మూడు చుక్కలు కనిపించాయి. అందులో ఒక చుక్క నిజానికి రెండు, ఐయో, యూరోపా బాగా దగ్గరగా ఉండటంతో ఆయన టెలిస్కోపుకు విడివిడిగా అందలేదు. మర్నాడు విడిపోయి కనిపించాయి. వారం తిరిగేసరికి మొత్తం నాలుగని తేలింది. వాటికి ఆయన ‘మెడిచీ నక్షత్రాలు’ అని పేరు పెట్టాడు. ఫ్లారెన్స్ పాలకుడు కోసిమో మెడిచీ కొలువులో చేరాలని ఆయన ఆశ, ఆ ఉద్యోగం వచ్చింది కూడా.

అవే రోజుల్లో జర్మనీలో సైమన్ మారియస్ అనే ఆయన కూడా వాటిని చూశాడు. 1614లో పుస్తకం వేసి, తను మొదట రాసిపెట్టుకున్న తేదీ 1609 డిసెంబర్ 29 అన్నాడు. అంటే గెలీలియో కంటే ముందే అనిపిస్తుంది. తిరకాసు ఏమిటంటే ఆయన వాడింది పాత క్యాలెండర్, ఇటలీలో అప్పటికే కొత్త క్యాలెండర్ వచ్చేసింది. కొత్త లెక్కలోకి మారిస్తే ఆ తేదీ 1610 జనవరి 8. అంటే ఒక్క రోజు వెనక! గెలీలియో ఊరుకోలేదు, 1623లో అచ్చులోనే దొంగ అని తిట్టిపోశాడు. మారియస్ సొంతంగానే చూశాడని ఇప్పటి చరిత్రకారులు చాలామంది ఒప్పుకుంటున్నారు గానీ పాపం ఆయన బతికుండగా ఆ మచ్చ పోలేదు.

పేర్లు మాత్రం మారియస్ పుస్తకం నుంచే వచ్చాయి. 1613లో రెగెన్స్‌బర్గ్‌లో కలిసినప్పుడు ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ సరదాగా ఇచ్చిన సలహా అట: జూపిటర్ మనసుపడ్డవాళ్ల పేర్లు పెడితే పోలా అని. అలా ఐయో, యూరోపా, కాలిస్టో అనే ముగ్గురు ఆడపిల్లలూ, గానిమీడ్ అనే కుర్రాడూ గురుడి చుట్టూ చేరారు. ఇద్దరు పెద్దమనుషులకు అది చమత్కారం. వాళ్లలో ఎవరూ ఆయన వెంట ఇష్టపడి వెళ్లినవాళ్లు కారు. ఎవరి నుంచి తప్పించుకోవాలని చూశారో ఇప్పుడు అతని చుట్టూనే తిరగాల్సి రావడం ఏం న్యాయమో నాకైతే అర్థం కాదు.

ఆ పేర్లు వెంటనే వాడుకలోకి రాలేదు. మూడు వందల ఏళ్లకు దగ్గరదగ్గర శాస్త్రవేత్తలు జూపిటర్ ఒకటి, జూపిటర్ రెండు అనే పిలుచుకున్నారు. 1892లో ఐదోది దొరికింది, అది మొదటి నాలుగిటి కంటే గురుడికి దగ్గరగా ఉంది. ఆ తర్వాత ఇంకా ఇంకా దొరుకుతూ పోయాయి. అంకెలు గందరగోళమైపోయి 20వ శతాబ్దంలో పాత పేర్లు బయటికి తీశారు.

ఇంకో విచిత్రం, ఇది మీ అమ్మాయికి నచ్చవచ్చు. పురాణంలో ఐయో, యూరోపా ఒకే వంశం వాళ్లు. ఐయో కొడుకు ఎపాఫస్, అతని కూతురు లిబియా, లిబియా కొడుకు అజెనార్, అజెనార్ కూతురే యూరోపా. ఆకాశంలో పక్కపక్కనే తిరుగుతున్నది ఒక ముత్తవ్వ, ఆమె మునిమనవడి కూతురు. జూపిటర్ ఇద్దరినీ వదల్లేదు.

ప్రాజెక్టులో రాయడానికి ఇంత అక్కర్లేదు. పేరు ఎవరిది, ఎవరు పెట్టారు, ఎప్పుడు, ఈ మూడూ రాయించండి చాలు. అన్నట్టు నెట్‌లో ‘85 ఐయో’ అని కనిపిస్తే అది వేరే. 1865లో కనిపెట్టిన ఒక గ్రహశకలం అది, దానికీ ఇదే పేరు పెట్టారు. ఆ బొమ్మ తెచ్చి ఇక్కడ అతికించకుండా చూడండి.

ఐయో అనాలా, ఇయో అనాలా? మా ఇంట్లో అందరూ అయ్యో అనే అంటున్నారు.
– పాఠకురాలు, నిజామాబాద్

ఇంగ్లీషు పలుకుబడిలో ఐయో, గ్రీకు పలుకుబడిలో ఇయో. మీకు ఏది అలవాటైతే అది అనండి.

జియస్ అంటే మన ఇంద్రుడే అని మా సార్ అన్నారు. దేవతల రాజు, చేతిలో పిడుగు, అహల్య కథ, ఒళ్లంతా కళ్లు... అన్నీ కలుస్తున్నాయి. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

సగం నిజం తమ్ముడూ. పనులు చూస్తే ఇంద్రుడే. పేరు చూస్తే మాత్రం జియస్‌కు చుట్టం ఇంద్రుడు కాదు, ఋగ్వేదంలోని ఆకాశ దేవుడు ద్యౌస్. ‘ద్యౌష్పితర్’, ‘జూపిటర్’ రెండూ పక్కపక్కన పెట్టుకుని పైకి చదువు, నీకే వినిపిస్తుంది.

అహల్య కథతో పోలిక దగ్గర మాత్రం ఒక తేడా వదిలేశావు. మన కథలో అహల్యకు శాపం తగిలింది, ఇంద్రుడికీ తగిలింది. గౌతముడు అతన్ని ఊరికే పోనివ్వలేదు. ఐయో కథలో జియస్‌కు ఎక్కడా చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పడాల్సినవన్నీ ఆ పిల్లే పడింది, చచ్చిందేమో కాపలావాడు.

కళ్ల సంగతి అడిగావు కాబట్టి అసలైన పోలిక నేను చెప్తాను. ఆర్గస్ చచ్చాక హెరా అతని కళ్లన్నీ ఏరి తన పక్షి నెమలి తోకలో పొదిగిందని గ్రీకు, రోమన్ కథ. మన రామాయణం ఉత్తరకాండలో మరుత్తుడి యాగం దగ్గర ఒక ఘట్టం ఉంది. రావణుడు వస్తున్నాడని తెలిసి యాగానికి వచ్చిన దేవతలు భయపడి తలా ఒక జంతువు రూపంలో దాక్కుంటారు. యముడు కాకి, వరుణుడు హంస, కుబేరుడు తొండ, ఇంద్రుడు నెమలి. రావణుడు వెళ్లిపోయాక తమను దాచిన జీవాలకు వరాలిస్తారు. ఇంద్రుడు నెమలికి పాముల భయం లేకుండా చేసి, నా వెయ్యి కళ్లూ నీ పింఛంలో ఉంటాయంటాడు. అంతకుముందు నెమళ్ల తోక ఉత్త నీలంగా ఉండేదట! నెమలి పింఛం చూసి ‘ఇన్ని కళ్లు ఎవరివి’ అనే ప్రశ్న రెండు చోట్లా పుట్టింది. వాళ్లు కాపలావాడివి అన్నారు, మనం దాక్కున్నవాడివి అన్నాం. ఎవరు ఎవరి నుంచి తీసుకున్నారని మాత్రం అడక్కు, అలా తీసుకోవాల్సిన పనేమీ లేదు. నెమలిని చూసిన ఎవరికైనా వచ్చే ఊహే అది.

ఐయో మన చందమామంతే ఉందన్నారు. మన చందమామ చల్లారి రాయైపోయింది కదా, మరి సూర్యుడికి అంత దూరంలో ఉన్న దాని మీద వందల అగ్నిపర్వతాలు ఎలా మండుతున్నాయి? వేడి ఎక్కడిది?
– ఇంటర్ విద్యార్థిని, అనంతపురం

చాలా మంచి ప్రశ్నమ్మా, 1979 దాకా పెద్దపెద్దవాళ్లు కూడా అది చల్లారిపోయే ఉంటుందనుకున్నారు. ఐయో వ్యాసం 3,640 కి.మీ. పైచిలుకు, మన చందమామది 3,475. ఇంత చిన్న గోళాలు పుట్టినప్పటి వేడిని ఎప్పుడో పోగొట్టుకుంటాయి. కాబట్టి ఐయోకు వేడి ఇప్పటికిప్పుడు పుడుతూ ఉండాలి.

ఇనుప తీగను రెండు చేతులతో పట్టుకుని ఒకేచోట అటూ ఇటూ గబగబా వంచి, ఆ చోట ముట్టుకుని చూడు, చురుక్కుమంటుంది. ఐయోకు జరుగుతున్నది అదే. వంచేది గురుడు, బరువులో 318 భూములకు సమానం. ఐయో దానికి 4,22,000 కి.మీ. దూరంలో, అంటే మన చందమామ మనకున్నంత దూరానికి కాస్త అటుగా తిరుగుతోంది. అంత పెద్ద లాగుడుకు దాని రాతి ఒళ్లు గురుడి వైపు ఉబికి ఉంటుంది. ఉబ్బు ఎప్పుడూ ఒకేలా ఉంటే వేడి పుట్టదు, పెరిగి తగ్గి పెరిగి తగ్గితేనే పుడుతుంది. ఆ పని చేయించేవి పక్కనున్న యూరోపా, గానిమీడ్. గానిమీడ్ ఒక చుట్టు తిరిగేలోపు యూరోపా రెండు చుట్లు, ఐయో నాలుగు చుట్లు తిరుగుతాయి. ఈ లెక్క తప్పకపోవడంతో ఐయోకు ప్రతిసారీ అవే చోట్ల లాగుడు పడి, దాని దారి గుండ్రంగా కుదురుకోకుండా కొంచెం కోడిగుడ్డు ఆకారంలోనే ఉండిపోతుంది. గురుడికి దగ్గరైనప్పుడు ఎక్కువ ఉబ్బుతుంది, దూరమైనప్పుడు తగ్గుతుంది. ఎంతనుకుంటున్నావు? 100 మీటర్ల దాకా. మన సముద్రాల్లో పోటు వస్తే నీళ్లు కొన్ని మీటర్లు లేస్తాయి. అక్కడ లేచేది గట్టి నేల, అదీ 42 గంటల 28 నిమిషాలకు ఒకసారి. ఆ రాపిడి వేడికే లోపలి రాయి కరిగి బయటికి తన్నుకొస్తోంది.

దీన్ని కనిపెట్టిన తీరు ఇంకా బాగుంటుంది. పీల్, కాసెన్, రేనాల్డ్స్ అనే ముగ్గురు ఈ లెక్కంతా వేసి, ఐయో లోపల కరిగి ఉండాలి, అగ్నిపర్వతాలు ఉండవచ్చు అని రాసిన వ్యాసం 1979 మార్చి 2న అచ్చయింది. నాసా అంతరిక్ష నౌక వాయేజర్-1 గురుడికి దగ్గరగా వెళ్లింది మార్చి 5న. అంటే ఒక్క వారం ఆలస్యమైతే జోస్యం కాస్తా వివరణ అయిపోయేది! మార్చి 8న నౌక దూరమవుతూ వెనక్కి తిరిగి ఐయోను ఫోటో తీసింది. అది ఐయో కోసం తీసింది కూడా కాదు, నౌక దారి సరిచూసుకోవడానికి వెనకాల ఉన్న మసక నక్షత్రాలు పడేలా తీసిన ఫోటో. కాలిఫోర్నియాలో నావిగేషన్ పని చూసే లిండా మొరాబిటో అనే ఇంజనీరు ఆ నక్షత్రాలు కనిపించడానికి కంప్యూటర్ తెర మీద వెలుగు పెంచితే, ఐయో అంచున నెలవంకలా పెద్ద మరక ఒకటి తేలింది. మరో చందమామ వెనక నుంచి తొంగిచూస్తోందా అనిపించేంత పెద్దది. అలాంటిది అక్కడ ఉండే వీలు లేదు. కెమెరా లోపమా, ఇంకేదైనానా అని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వస్తే చివరికి మిగిలింది అగ్నిపర్వతం ఒక్కటే. నేల నుంచి 270 కి.మీ. ఎత్తుకు చిమ్ముతున్న మేఘం అది. భూమి మీద కాకుండా ఇంకోచోట అగ్నిపర్వతం మండుతుంటే మనిషి చూడటం అదే మొదటిసారి. ఆ రోజు వేరే పని మీద కూర్చున్న ఆవిడ కంట పడటం నాకు భలే ఇష్టమైన సంగతి.

అంత ఎత్తుకు ఎలా పోతుందంటావా, అక్కడ గురుత్వాకర్షణ మన దాంట్లో ఆరో వంతుకు కాస్త ఎక్కువ, అడ్డుకునే గాలి దాదాపు లేదు. పైకి పోయిన గంధకం, సల్ఫర్ డయాక్సైడ్ మంచులా రాలి నేలంతా పసుపు, నారింజ, తెలుపు రంగులు పులుముకుని ఉంటుంది. లావా 1,000 డిగ్రీలు దాటి కాగుతుంటే దాని పక్క నేల సున్నాకు 100 డిగ్రీల కంటే కిందికి గడ్డకట్టి ఉంటుంది. ఉల్కలు పడిన గుంట ఒక్కటి కూడా ఇప్పటిదాకా దొరకలేదు, పడ్డదాన్ని పడ్డట్టే లావా పూడ్చేస్తోంది. మండే అగ్నిపర్వతాలు 400 దాకా లెక్కతేలాయి. లోకి అనే ఒక్క లావా గుండమే 200 కి.మీ. అడ్డం ఉంటుంది. అక్కడికి మనిషి వెళ్లే మాట మాత్రం మర్చిపో, గురుడి రేడియేషన్‌కు ఒక్క రోజులో ప్రాణం పోతుంది.

నాసా 2011లో పంపిన జూనో నౌక 2016లో గురుణ్ణి చేరి దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. 2023 డిసెంబర్ 30న, మళ్లీ 2024 ఫిబ్రవరి 3న ఐయోకు 1,500 కి.మీ. దగ్గరికి వెళ్లింది. గురుడు మబ్బుల చాటున ఏం దాచాడో చూడటానికి భార్య జూనో పేరు పెట్టి నౌకను పంపారన్నమాట. నాసావాళ్లే ఈ కథ చెప్పుకుంటారు. ఆ కొలతల వల్ల తేలింది ఒకటుంది: ఐయో పైపొర కిందే గోళమంతా పరుచుకున్న కరిగిన రాతి సముద్రం ఉందని కొందరు నమ్మేవారు, అలాంటిది పైపైన లేదని 2024 డిసెంబర్‌లో ప్రకటించారు. లోపల చాలావరకు గట్టిగానే ఉందట. మరి ఇన్ని అగ్నిపర్వతాలకు లావా ఎక్కడెక్కడి నుంచి వస్తోందన్నది వాళ్లకు ఇప్పుడు కొత్త తలనొప్పి. నువ్వు ఇంటర్ అయ్యాక ఇటు వైపు వస్తే పని దొరుకుతుంది.

నాసా వాళ్లకు అన్నిటికీ గ్రీకు, రోమన్ పేర్లేనా? మన పేర్లు పనికిరావా? ఇక్కడ మా పిల్లలు అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియడం లేదు.
– ఒక తెలుగు నాన్న, డాలస్

మొదట ఒకటి సరిచేస్తాను, ఆకాశంలో పేర్లు ఖాయం చేసేది నాసా కాదు, అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య. ఇక ఐయో విషయంలో మీకు ఆ బెంగే అక్కర్లేదు. దాని మీది గుండాలకు ఏ దేశంవైనా సరే అగ్ని, సూర్యుడు, పిడుగు, కొలిమి దేవుళ్ల పేర్లు పెట్టాలని నియమం. అందుకే అక్కడ హవాయి దేవత పెలే ఉంది, జపాన్ అమతెరాసు ఉంది, మన సూర్య, సవితృ, వివస్వంత్ పేర్లతోనూ గుండాలున్నాయి.

అందరికంటే పేరు మోసింది త్వష్ట. ఋగ్వేదంలో ఇంద్రుడికి వజ్రాయుధం చేసిచ్చిన దేవశిల్పి. భాగవతంలో కొడుకు విశ్వరూపుణ్ణి ఇంద్రుడు చంపాడని కోపంతో వృత్రాసురుణ్ణి పుట్టించింది ఆయనే. ఐయో ఉత్తరం వైపున్న ‘త్వష్టర్’ గుండాల్లో 1999 నవంబర్‌లో కిలోమీటరు పైన ఎత్తుకు ఎగజిమ్ముతున్న లావాను నాసావాళ్ల గెలీలియో అనే నౌక ఫోటో తీసింది. వేడి ఎంతంటే కెమెరా దాన్ని తట్టుకోలేక బొమ్మలో తెల్లటి చారలు పడ్డాయి. 2007లో ప్లూటోకు పోతూ పోతూ న్యూ హొరైజన్స్ నౌక అటు చూస్తే అదే త్వష్ట సుమారు 300 కి.మీ. ఎత్తుకు మేఘాన్ని చిమ్ముతూ దొరికాడు. ఆ ఫోటోలు వరుసగా పెట్టి చేసిన చిన్న వీడియో నెట్‌లో ఉంది, మేఘం లేచి గొడుగులా పడటం కళ్లారా కనిపిస్తుంది. పిల్లలకు అది చూపించి, వజ్రాయుధం చేసినాయన కొలిమి ఇదీ అని చెప్పండి.

కొండలకూ మైదానాలకూ మాత్రం ఐయో కథలోని పేర్లు వాడుకున్నారు. ఈజిప్టు పేరుతో ఒక కొండ, బాస్ఫరస్ పేరుతో ఒక ప్రాంతం. తండ్రి ఇనాకస్ పేరుతో ఒక గుట్ట. దారిలో ఆమెకు బండకు కట్టేసి ఉన్న ప్రొమీథియస్ ఎదురై ఓదార్చాడని పాత గ్రీకు నాటకం ఒకదానిలో ఉంది, అతని పేరుతో ఒక అగ్నిపర్వతం ఉంది. వాయేజర్ వెళ్లిన నాటి నుంచీ ఎప్పుడు చూసినా అది మండుతూనే ఉంది.

కాంతి వేగాన్ని ఐయో సాయంతోనే మొదట లెక్కగట్టారని ఎక్కడో చదివాను. లెక్క ఎలా చేశారో కాస్త వివరించగలరా?
– రిటైర్డ్ లెక్కల మాస్టారు, రాజమండ్రి

తప్పకుండా మాస్టారూ. ఐయో ప్రతి చుట్టులోనూ గురుడి నీడలోకి వెళ్లి మాయమై మళ్లీ బయటికొస్తుంది. 42 గంటల 28 నిమిషాలకు ఒక గ్రహణం, తప్పదు. సముద్రంలో రేఖాంశం తెలియక ఓడలు మునిగిపోతున్న రోజులవి, దీన్ని ఆకాశంలో గడియారంగా వాడుకోవచ్చని గెలీలియోనే అన్నాడు. ఊగే ఓడలో టెలిస్కోపు కుదరలేదు గానీ నేల మీద బాగానే పనిచేసింది. పారిస్ పరిశోధనాలయంలో కాసినీ తయారుచేసిన గ్రహణాల పట్టికలతో ఫ్రాన్స్ పటం కొత్తగా గీస్తే పడమటి తీరం పాత పటంలో కంటే లోపలికి జరిగిపోయింది. శత్రువుల కంటే మీ వల్లే ఎక్కువ భూమి పోయిందని లూయీ రాజు వాపోయాడంటారు.

అక్కడే పనిచేసే ఓలె రోమర్ అనే డెన్మార్క్ కుర్రాడు, భూమి గురుడికి దూరంగా జరిగే నెలల్లో గ్రహణాలు పట్టిక కంటే ఆలస్యమవుతున్నాయనీ, దగ్గరయ్యే నెలల్లో ముందే వస్తున్నాయనీ పట్టుకున్నాడు. ఐయో నడక మారడం లేదు, ఆ వెలుతురు మన దాకా రావడానికే టైం పడుతోందన్నాడు. 1676 సెప్టెంబర్‌లో, నవంబర్ 9 నాటిది పది నిమిషాలు ఆలస్యంగా కనిపిస్తుంది చూడండని ముందే చెప్పాడు, అలాగే అయింది. భూకక్ష్యను ఈ చివర నుంచి ఆ చివరికి దాటడానికి కాంతికి 22 నిమిషాలు పడుతుందని ఆయన అంచనా. అసలు లెక్క 16 నిమిషాల 40 సెకన్లకు కాస్త తక్కువ. కక్ష్య వ్యాసాన్ని దాంతో భాగించి వేగం తేల్చింది రోమర్ కాదు, డచ్ శాస్త్రవేత్త హైగెన్స్. అది నిజమైన సెకనుకు 2,99,792 కి.మీ. కంటే నాలుగో వంతుకు పైగా తక్కువే వచ్చింది. అయినా కాంతికి వేగమంటూ ఒకటుందని తేలిపోయింది కదా. తమాషా ఏమిటంటే పట్టికలు వేసిన కాసినీయే ఒప్పుకోలేదు. 1728లో ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త బ్రాడ్లీ వేరే దారిలో నిరూపించేదాకా గొణుగుడు సాగింది, అప్పటికి రోమర్ లేడు.

మా డాబా మీద నుంచి ఐయో కనిపిస్తుందా? టెలిస్కోపు లేదు.
– పాఠకుడు, ఖమ్మం

బైనాక్యులర్ ఉంటే కనిపిస్తుంది. 10x50 రకం చాలు, కానీ చేతిలో పట్టుకుంటే ఊగి ఏమీ తెలియదు, పిట్టగోడ మీదో స్టాండు మీదో ఆనించాలి. గురుడు సుమారు 13 నెలలకు ఒకసారి సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చి రాత్రంతా కనిపిస్తాడు. ఏ రాశిలో ఉన్నాడో ఇంట్లో పంచాంగం ఉంటే అందులోనే దొరుకుతుంది.

నాలుగు చుక్కలు ఒకే గీత మీద ఉంటాయి, ఏది ఏదో చుక్కను చూసి చెప్పలేం. రోజూ వాటి చోట్లు చూపించే ఉచిత యాప్‌లున్నాయి, అందులో చూసి పోల్చుకోండి. ఈ నాలుగిటిలో ఐయోనే గురుడికి బాగా దగ్గర తిరుగుతుంది కాబట్టి మామూలుగా ఆ వెలుతురులోనే కలిసిపోతుంది. గురుడికి బాగా పక్కకు జరిగిన రాత్రి చూసుకుని వెళ్తే దొరుకుతుంది. సాయంత్రం గురుణ్ణి ఆనుకుని ఉన్నది తెల్లవారుజాముకల్లా దూరంగా జరగడం కూడా చూడొచ్చు, కానీ అది ఐయోనేనా అన్నది యాప్‌లోనే సరిచూసుకోండి. మూడే కనిపించాయని కంగారుపడకండి. నాలుగోది గురుడికి ముందో వెనకో ఉండి ఉంటుంది, రెండు మూడు గంటలు ఆగి మళ్లీ చూడండి.